‘మగపిల్లాడిలా పెంచాం’ - ఈ మాటలోంచి పిల్లలు నేర్చుకునేది

(మహిళా సంఘాలు, స్వచ్ఛంద సంస్థల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీల సమస్యల మీద పనిచేసేవాళ్ళు నలుగురు కలిసినప్పుడు, సభ అయిపోయి టీ తాగుతున్న సమయంలో, తరచుగా వినబడే ఫిర్యాదు ఒకటుంది. ‘‘మా ఇంట్లో ఆడా మగా తేడా ఎప్పుడూ చూపించలేదండీ. పాపకి బంతీ బ్యాటూ కొన్నాం. బాబుని వంటింట్లోకి రావద్దని ఎవరూ అనలేదు. అయినా బడికెళ్ళిన ఆర్నెల్లకే పాప గులాబిరంగు గౌను తప్ప వేసుకోనంటోంది. బాబు చేతికి చీపురిస్తే, అది అమ్మ పని అంటున్నాడు. ఎక్కణ్ణించి నేర్చుకుంటున్నారు వీళ్ళు?’’ ఈ మాట అనేవాళ్ళ గొంతులో కాస్త ఆశ్చర్యం, కాస్త చిన్నతనం, చాలా అపరాధభావం ఉంటాయి. ఆ గొంతు తల్లిదైతే అపరాధభావం మరీ ఎక్కువ.

ఈ ప్రశ్నకి మన సమాజం దగ్గర రెండు జవాబులు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. ‘‘చూశారా, అది ప్రకృతి. పుట్టుకతో వచ్చింది మీరు మారుస్తామంటే మారుతుందా?’’ అన్నది మొదటిది. ‘‘తల్లి పెంపకంలోనే ఉంది లోపం. ఆడదానికి ఆడదే శత్రువు’’ అన్నది రెండోది. మొదటి జవాబు సమాజాన్ని బాధ్యత నుంచి తప్పిస్తుంది. రెండోది మగవాళ్ళని తప్పిస్తుంది. ఈ రెంటినీ పక్కనబెట్టి, అసలు పిల్లలు ఏం చేస్తున్నారో చూద్దామన్నది నా ప్రయత్నం.

నా వాదన ముందే చెప్పేస్తాను. పిల్లలు మన మాట వినక ఇలా తయారవడం లేదు. మనకన్నా శ్రద్ధగా సమాజాన్ని గమనించి, ఎవరికి విలువ ఉందో, ఎవరికి లేదో లెక్కగడుతున్నారు. వాళ్ళు తేల్చుకున్న లెక్క చాలావరకు నిజం కూడా. మనం ఇంట్లో చేసే మంచి ప్రయత్నాల్లో కూడా దారి ఒకవైపుకే ఉందని వాళ్ళకి తెలిసిపోతోంది. ఆడపిల్ల మగపిల్లాడి వైపు నడవొచ్చు. మగపిల్లాడు ఆడపిల్ల వైపు నడవకూడదు. నేర్చుకోవలసిన పాఠమంతా అందులోనే ఉంది.

పుట్టిన దగ్గర్నించి మొదలుపెడదాం. అమెరికాలో జాన్ కాండ్రీ, సాండ్రా కాండ్రీ అనే పరిశోధకులు 1976లో ఒక అధ్యయనం ప్రచురించారు. తొమ్మిది నెలల బిడ్డ ఆడుకుంటున్న ఒకే ఒక్క ఫిల్మును రెండొందల మందికి పైగా పెద్దవాళ్ళకి చూపించారు. కొందరికి ఆ బిడ్డ మగపిల్లాడని చెప్పారు, కొందరికి ఆడపిల్లని చెప్పారు. మూత తెరుచుకుని లోపలి బొమ్మ ఒక్కసారిగా పైకి లేచే పెట్టెను చూసి బిడ్డ ఉలిక్కిపడి ఏడుస్తుంది. మగపిల్లాడనుకుని చూసినవాళ్ళకి ఆ ఏడుపులో కోపం ఎక్కువ కనిపించింది. ఆడపిల్లనుకున్నవాళ్ళకి భయం ఎక్కువ కనిపించింది. ఏడ్చింది ఒకే బిడ్డ. మన ఇళ్ళలో కూడా చూడండి. ఉయ్యాల్లో మగబిడ్డ గుక్కపట్టి ఏడిస్తే ‘‘వీడికి రోషం ఎక్కువ’’ అంటాం. ఆడబిడ్డ ఏడిస్తే ‘‘ఉత్త పిరికిది’’ అంటాం. కోపానికి ఒక రకంగా, భయానికి ఇంకో రకంగా స్పందిస్తాం. తేడా చూపించడం లేదని నమ్మేవాళ్ళం కూడా ఇలాగే స్పందిస్తాం. ఎందుకంటే ఈ తేడా మన ఉద్దేశంలో లేదు, మన చూపులో ఉంది.

రెండు మూడేళ్ళ మధ్యలో పిల్లలు తాము అమ్మాయో అబ్బాయో చెప్పగలుగుతారు. అయితే అది ఎప్పటికీ మారదన్న నమ్మకం అప్పుడే కుదరదు. మనస్తత్వ శాస్త్రవేత్త లారెన్స్ కోల్‌బర్గ్ 1966లో ఈ సంగతి వివరించాడు. జుట్టు పెంచితే, గౌను తొడుక్కుంటే అబ్బాయి అమ్మాయి అయిపోతాడేమోనని నాలుగేళ్ళ పిల్లలకి నిజంగానే అనుమానం ఉంటుంది. అందుకే ఆ వయసులో వాళ్ళు గుర్తుల్ని గట్టిగా పట్టుకుంటారు. జడ, గాజులు, గౌను, రంగు - వీటి విషయంలో నాలుగేళ్ళ పిల్లలంత ఛాందసులు పెద్దవాళ్ళలో కూడా ఉండరు.

దీనికి మంచి ఉదాహరణ సాండ్రా బెమ్ ఇంట్లో జరిగింది. పిల్లలు లోకాన్ని ఆడా మగా అనే చట్రంలోంచి చూడడం ఎలా నేర్చుకుంటారో 1981లో సిద్ధాంతీకరించిన అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఆవిడ. తన పిల్లల్ని ఆ చట్రం లేకుండా పెంచాలని చాలా శ్రమపడింది. భార్యాభర్తలిద్దరూ ఇంటిపని పంచుకున్నారు. పిల్లల బొమ్మల పుస్తకాల్లో అన్నీ మగపాత్రలే ఉంటే, రంగు పెన్నులు తీసుకుని కొన్నిటిని ఆడపాత్రలుగా దిద్దింది. ఆడా మగా తేడా శరీరంలోనే తప్ప బట్టల్లోనో పనుల్లోనో లేదని నేర్పింది. ఆవిడ కొడుకు ఒకరోజు తలకి క్లిప్పులు పెట్టుకుని నర్సరీ బడికి వెళ్ళాడు. ఇంకో పిల్లాడు ‘‘నువ్వు అమ్మాయివి, అమ్మాయిలే క్లిప్పులు పెట్టుకుంటారు’’ అని పట్టుబట్టాడు. క్లిప్పులతో సంబంధం లేదని ఈ పిల్లాడు ఎంత వాదించినా లాభం లేకపోయింది. చివరికి లాగు కిందికి లాగి చూపించాడు. అవతలి పిల్లాడు ఏమాత్రం చలించలేదు. అది అందరికీ ఉంటుంది, క్లిప్పులు మాత్రం అమ్మాయిలే పెట్టుకుంటారు, అన్నాడు.

ఈ కథ చెబితే అందరూ నవ్వుతారు. కానీ మన రెండు జవాబులకీ ఇందులో సమాధానం ఉంది. ఆ పిల్లాడు ప్రకృతిని అనుసరిస్తే శరీరాన్ని చూసి ఒప్పుకునేవాడు. సమాజం పెట్టిన గుర్తు ముందు శరీరానికి కూడా విలువ లేకపోయింది. ఇక తల్లి పెంపకం సంగతి. ఈ విషయం మీదే పరిశోధన చేసిన తల్లి, ఇంటిపని పంచుకునే తండ్రి ఉన్న ఇంటి పిల్లాడు కూడా బళ్ళో అడుగుపెట్టేసరికి ఒంటరివాడైపోయాడు. ఒక ఇల్లు ఎంత బాగున్నా తరగతి గదంతటికీ జవాబు చెప్పుకోలేదు.

ఇప్పుడు మన ఇళ్ళకి వద్దాం. ఏడాది నిండని మగపిల్లాడికి మనం నల్లగాజులు తొడుగుతాం. పుట్టువెంట్రుకలు తీయించే ముందు జుట్టుకి పిలకేసి, గౌను తొడిగి, పూలు పెట్టి ఫోటో తీయిస్తాం. ఇంటిల్లిపాదీ మురిసిపోతాం. అదే పిల్లాడు నాలుగేళ్ళప్పుడు తనంతట తాను అక్క గాజులు తొడుక్కుని వస్తే, ‘‘ఛీ, నువ్వేమన్నా ఆడపిల్లవా, తియ్’’ అంటాం. అక్క వాడి లాగూ చొక్కా తొడుక్కుంటే మాత్రం ‘‘ఝాన్సీరాణిలా ఉంది’’ అని ముద్దుపెట్టుకుంటాం. బట్టల తేడాతోబాటు ఆ ‘ఛీ’ ఎవరి మీద పడిందో కూడా పిల్లలు గుర్తుపెట్టుకుంటారు. ఆడపిల్లలా ఉండడం అవమానమని మగపిల్లాడు నేర్చుకుంటాడు. తనలా ఉండడం అవమానమట అని పక్కనే నిలబడిన ఆడపిల్ల నేర్చుకుంటుంది.

మాటల్లో కూడా ఇదే జరుగుతుంది. కూతురి మీద ప్రేమ పొంగితే ‘‘రారా కన్నా’’, ‘‘ఏం తిన్నావురా’’ అని పిలుస్తాం. ‘రా’ అనే పిలుపు ఆడపిల్లకి గౌరవం, గారాబం. కొడుకుని ముద్దుకోసం ‘‘ఏమే, ఇలా రావే’’ అని పిలిచే తల్లిదండ్రుల్ని మీరెప్పుడైనా చూశారా? ‘‘మా అమ్మాయిని మగపిల్లాడిలా పెంచాం’’ అని గర్వంగా చెప్పుకునే తండ్రులు ఎందరో ఉన్నారు. ‘‘మా అబ్బాయిని ఆడపిల్లలా పెంచాం’’ అని చెప్పుకునే తండ్రి ఇంతవరకు నాకు తారసపడలేదు. ఆ మొదటి మాటలో కూతురి మీద ప్రేమ ఉంది, కాదనను. కానీ పక్కనే కూర్చుని వింటున్న ఐదేళ్ళ పాపకి అందులోంచి అందే అర్థం వేరు. మంచిగా పెంచడమంటే మగపిల్లాడిలా పెంచడం. ఆడపిల్లలా పెంచితే తక్కువగా పెంచినట్టు.

మన భాష నిర్మాణం కూడా ఒకసారి గమనించండి. మాటలు నేర్చే తెలుగు బిడ్డ ‘నాన్న వచ్చాడు’ అంటుంది. అమ్మ సంగతి వచ్చేసరికి ‘అమ్మ వచ్చింది’, ‘ఆవు వచ్చింది’, ‘బస్సు వచ్చింది’ - అన్నిటికీ ఒకటే రూపం. మన సంప్రదాయ వ్యాకరణం పురుషుల్ని చెప్పే మాటల్ని మహత్తులంది, పశుపక్ష్యాదుల్నీ వస్తువుల్నీ అమహత్తులంది. స్త్రీ ఏకవచనంలో అమహత్తుతో చేరుతుంది, బహువచనంలో మాత్రం మగవాళ్ళతో కలిసి ‘వచ్చారు’ అవుతుంది. పక్కనున్న తమిళంలో ‘వందాళ్’ అనీ, కన్నడంలో ‘బందళు’ అనీ స్త్రీకి విడిగా రూపం ఉంది. అంతమాత్రాన ఆ రాష్ట్రాల్లో స్త్రీలు సమానులైపోలేదు కాబట్టి, వివక్షకి వ్యాకరణమే కారణమని నేననడం లేదు. వ్యాకరణం కంటే వాడుకే ముఖ్యం. ఎన్నో ఇళ్ళలో పిల్లలు ‘‘నాన్న వచ్చారు, అమ్మ వచ్చింది’’ అంటారు. అమ్మ నాన్నని ‘మీరు’ అంటుంది, నాన్న అమ్మని ‘నువ్వు’ అంటాడు. ఇది ఏ పాఠంలోనూ చెప్పరు. మూడేళ్ళకే పిల్లలు తప్పులేకుండా అప్పజెబుతారు.

సామాజిక మానవశాస్త్రవేత్త లీలా దూబే 1988లో రాసిన ఒక వ్యాసంలో, పితృవంశీయ కుటుంబాల్లో హిందూ ఆడపిల్లలు ఎలా తయారుచేయబడతారో వివరించింది. కర్మకాండలు, సామెతలు, తిండి పంపకం, పని పంపకం - వీటన్నిటి ద్వారా పుట్టింట్లో తన స్థానం తాత్కాలికమని ఆడపిల్లకి తెలుస్తుందని ఆవిడ చూపించింది. మనకి ఈ విషయం ఒక్క మాటలో తెలుసు: ఆడపిల్ల ఎప్పటికైనా ‘ఆడ’ పిల్లే, ‘ఈడ’ పిల్ల కాదు. నవ్వుతూ అనే ఈ మాటని నవ్వని వయసులో వింటుంది పిల్ల.

ఇక తెలివితేటల సంగతి. అమెరికాలో లిన్ బియాన్, సారా జేన్ లెస్లీ, ఆండ్రే సింపియన్ 2017లో ప్రచురించిన పరిశోధన ఒకటి మనం తెలుసుకోవాలి. చాలా చాలా తెలివైన మనిషి ఎవరని అడిగితే, ఐదేళ్ళ వయసులో ఆడపిల్లలు ఆడవాళ్ళనీ, మగపిల్లలు మగవాళ్ళనీ ఎంచుకున్నారు. ఆరేడేళ్ళకి వచ్చేసరికి ఆడపిల్లలు తమవాళ్ళని ఎంచుకోవడం తగ్గింది. తెలివైనవాళ్ళ కోసమని చెప్పిన ఆట మీద వాళ్ళ ఆసక్తి కూడా తగ్గింది. బళ్ళో మార్కులు ఎవరికి ఎక్కువ వస్తాయని అడిగితే మాత్రం ఆ ఆడపిల్లలే ఆడపిల్లల్ని చూపించారు. అంటే వాళ్ళకి తమ చదువు సంగతి తెలియక కాదు. మార్కులు వేరు, తెలివి వేరు అని అప్పటికే నేర్చుకున్నారు. మన ఉపాధ్యాయుల గదుల్లో వినే మాట కూడా ఇదే: ‘‘ఆడపిల్లలు బట్టీపట్టి మార్కులు తెచ్చుకుంటారు. వాడు అల్లరివాడే గానీ, చదివితేనా, మంచి బుర్ర.’’

మనం బోధించే సమానత్వానికీ పిల్లలు చూసే లోకానికీ ఎంత దూరం ఉందో కొలవడానికి లెక్కలు కూడా ఉన్నాయి. జాతీయ గణాంక కార్యాలయం 2019లో దేశమంతటా కాలవినియోగ సర్వే జరిపింది. ఆరేళ్ళు నిండిన వాళ్ళనించీ లెక్కలోకి తీసుకున్నారు. జీతం లేని ఇంటిపని రోజులో కొంతైనా చేసినవాళ్ళు స్త్రీలలో 81.2 శాతం, పురుషులలో 26.1 శాతం. చేసినవాళ్ళు కూడా స్త్రీలైతే రోజుకి సగటున 299 నిమిషాలు, పురుషులైతే 97 నిమిషాలు వెచ్చించారు. 2024 సర్వేలోనూ ఈ అంతరం పెద్దగా తగ్గలేదు. ‘అది అమ్మ పని’ అన్న పిల్లాడు అబద్ధం చెప్పలేదు. ఇంట్లో చూసిన సంగతి చెప్పాడు. ఇంటిపని అందరిదీ అని మనం చెప్పేది ఇంకా నిజం కాలేదు. పిల్లలకి ఆదర్శానికీ వాస్తవానికీ తేడా బాగా తెలుసు, వాళ్ళు వాస్తవాన్నే నమ్ముతారు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ‘ఆడవాళ్ళు ఇంట్లో, మగవాళ్ళు బయట’ అనే మూస అందరి ఇళ్ళకీ ఒకేలా వర్తించదు. కూలికెళ్ళే దళిత, బహుజన కుటుంబాల పిల్లలు అమ్మని ఇంట్లో కూర్చోబెట్టిన బొమ్మగా చూడరు. తెల్లారకముందే లేచి వండిపెట్టి, నాట్లకో కలుపుకో వెళ్ళే మనిషిగా చూస్తారు. అయితే అక్కడ ఇంకో పాఠం ఉంది. ఆడకూలి వేరు, మగకూలి వేరు అని చంటిబిడ్డని చంకనేసుకుని గట్టుమీద కూర్చున్న ఎనిమిదేళ్ళ అక్కకి తెలుసు. సమాన వేతన చట్టం 1976లో వచ్చిందని ఆ పిల్లకి తెలియదు, సాయంత్రం ఎవరి చేతిలో ఎంత పెట్టారో తెలుసు. తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి బడి మానేసింది తనేనని, అన్న మానలేదని కూడా తెలుసు. కాబట్టి శిక్షణా శిబిరాల్లో పాపకి కారు బొమ్మ కొనివ్వండి అని మనం చెప్పే సలహా ఈ ఇళ్ళలో ఎంత అసందర్భంగా ఉంటుందో ఆలోచించాలి.

ఇంటి బయట పిల్లలు చూసే మొదటి ప్రభుత్వ సంస్థ అంగన్‌వాడీ. 1975లో మొదలైన ఈ పథకంలో చదువు చెప్పేదీ స్త్రీయే, వండిపెట్టేదీ స్త్రీయే, ముక్కు తుడిచేదీ స్త్రీయే.  ఆ స్త్రీలకిచ్చేదాన్ని ప్రభుత్వం జీతమనదు, గౌరవవేతనమంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు 2023 డిసెంబరులో మొదలుపెట్టి 42 రోజులు సమ్మె చేయవలసివచ్చింది. పిల్లల్ని సాకడం సహజంగా వచ్చే ఆడతనమే తప్ప నేర్పుతో చేసే పని కాదన్న భావం ప్రభుత్వానికే ఉంటే, నాలుగేళ్ళ పిల్లలకి లేకుండా ఎలా పోతుంది? అంగన్‌వాడీల వేతన పోరాటం పిల్లల పెంపకానికి సంబంధించిన పోరాటం కూడా.

మార్కెట్టు తన వంతు తాను చేస్తోంది. మన అమ్మమ్మల కాలంలో ఏటికొప్పాక లక్కపిడతలు ఆడపిల్లలకి కొన్నా, అవి ఎరుపూ పసుపూ ఆకుపచ్చా అన్ని రంగుల్లో ఉండేవి. గులాబి ఆడపిల్లలదీ నీలం మగపిల్లలదీ అన్నది మనకి కొట్లూ టీవీ ప్రకటనలూ తెచ్చిపెట్టిన నియమం. అమెరికాలో 1918లో ఒక వ్యాపార పత్రిక గులాబి గట్టి రంగు కాబట్టి మగపిల్లలకీ, నీలం సున్నితం కాబట్టి ఆడపిల్లలకీ తగినవని రాసింది. రంగులు తారుమారైనా, గట్టిదనం మగపిల్లలకీ సున్నితత్వం ఆడపిల్లలకీ కేటాయించడం మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే.

మన ఉద్యమాల గురించి కూడా ఒక మాట చెప్పకుండా వెళ్ళలేను. పని చేయని అధికారికీ మంత్రికీ చీరా గాజులూ పంపే నిరసన ఈనాటికీ ఉంది. రాజకీయ పార్టీలు చేస్తాయి, మహిళా సంఘాలూ చేస్తాయి. ‘చేతులకి గాజులు తొడుక్కున్నారా’ అని ధర్నాలో మైకులో అరిచేటప్పుడు మన చేతులకి గాజులుంటాయి. మన కొంగు పట్టుకుని మన పిల్లలు నిలబడి ఉంటారు. గాజుల చెయ్యి చేతగాని చెయ్యి అని అక్కడ వాళ్ళకి నేర్పేది మనమే. దీన్ని ఈ సమావేశంలోనే మానేద్దామని నా ప్రతిపాదన.

అయితే ఏం చేయాలి? మొదటిది, ఆడపిల్లల్ని ‘పైకి’ తేవడంతో పని సగమే అవుతుంది. మగపిల్లలకి అన్నం వార్చడం, చెల్లికి జడ వేయడం, జ్వరమొచ్చిన నాయనమ్మ పక్కన కూర్చోవడం నేర్పాలి. సాయంగా కాదు, వాళ్ళ పనిగా. అదీ తండ్రి చేస్తుండగా చూసి నేర్చుకోవాలి. తల్లి చెప్పి చేయిస్తే అది తల్లికి ఇంకో పనవుతుంది. 2024లో కేరళ మూడో తరగతి పాఠ్యపుస్తకంలో తండ్రి కొబ్బరి కోరుతున్న బొమ్మ వేశారు. మంచిదే. కానీ ఇంట్లో కొబ్బరి ఎవరు కోరుతున్నారో దాన్నిబట్టే పిల్లలు ఆ బొమ్మని నమ్ముతారు లేదా నవ్వుకుంటారు.

రెండోది, పిల్లలకి తేడా లేదని చెప్పడం మాని, తేడా చేస్తున్నారని చెప్పాలి. కళ్ళెదుట కనబడేదాన్ని లేదంటే వాళ్ళు మనల్నే నమ్మరు. ‘‘అవును, మన ఊళ్ళో ఎక్కువమంది ఇళ్ళలో అమ్మే వండుతుంది. అది న్యాయమేనా? ఎవరు పెట్టారు ఆ నియమం? మారిస్తే ఎలా ఉంటుంది?’’ అని అడగాలి. నియమాలంటే అంత పట్టుదల ఉన్న ఐదేళ్ళ పిల్లలకి అన్యాయమంటే ఏమిటో కూడా బాగా తెలుసు. పంపకంలో తమకి ఒక బిళ్ళ తక్కువొస్తే ఊరుకోరు. సాండ్రా బెమ్ కూడా చివరికి ఇదే సూచించింది. పిల్లల్ని లోకం నుంచి దాచలేం కాబట్టి, లోకాన్ని విమర్శగా చూసే చూపు వాళ్ళకివ్వాలి.

మూడోది, దీన్ని ఒక్కొక్క తల్లి ఒంటరి బాధ్యతగా చూడడం మానాలి. నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమంలో వయోజనుల వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది. అలాంటి పాఠాలు చదివి, తమ బతుకుల్ని చర్చించుకున్న దూబగుంట స్త్రీలు సారా దుకాణం మూయించారు. 1992లో అది రాష్ట్రమంతటా పాకింది, 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. పాఠాలు అంతకుముందూ ఎన్నో ఉన్నాయి. ఆ పాఠం పనిచేయడానికి కారణం, చదివినవాళ్ళ పక్కన అదే బతుకు బతుకుతున్న ఇంకో పదిమంది ఉండడం. పిల్లల విషయంలో కూడా అంతే. క్లిప్పులు పెట్టుకున్న పిల్లాడు తరగతిలో ఒక్కడే అయితే ఓడిపోతాడు. ఐదుగురుంటే ఆ తరగతి నియమమే మారుతుంది.

మనం చేయగలిగింది ఈ స్థాయిలోనే ఉంది. మన సంఘాల సభలు జరిగేటప్పుడు పిల్లల్ని చూసుకునే బాధ్యత మగ కార్యకర్తలకి అప్పగిద్దాం. అంగన్‌వాడీల దగ్గర తల్లుల సమావేశం అని పిలిచేదాన్ని తల్లిదండ్రుల సమావేశం చేద్దాం, తండ్రులు వచ్చే వేళకి పెడదాం. ఊళ్ళో ఆడకూలి, మగకూలి తేడా మీద పోరాడేటప్పుడు పిల్లల చేత ఆ లెక్క వేయిద్దాం. ‘‘మగపిల్లాడిలా పెంచాం’’ అని ఎవరైనా మెచ్చుకోలుగా అంటే, అక్కడే ఉన్న ఆడపిల్ల వినేలా ‘‘ఆడపిల్లలానే పెంచండి, దాని విలువ పెంచండి’’ అని జవాబు చెబుదాం.